కటింగ్ బల్ల ఎవరికి

హైదరాబాదు, అమీర్‌పేట, మైత్రీవనం వెనక సందులో అద్దెకుంటున్న దూస పోశవ్వ అనే నేను, కీర్తిశేషులు దూస ఆనందం గారి భార్యను, అరవై రెండేళ్లదాన్ని, నా ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడికీ లోబడకుండా రాసి పెడుతున్న వీలునామా ఇది. ఒత్తిడి పెట్టాలని చూసినవాళ్లు లేకపోలేదు. వాళ్ల పేర్లు కింద వరసగా వస్తాయి.

నా గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోవడం లేదని పంజగుట్ట పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. వచ్చే వారం కోసి బాగు చేస్తారట. కోయడం అంటే ఏమిటో నాకు తెలుసు. కోసినవన్నీ మళ్లీ సరిగ్గా అతకవని కూడా తెలుసు. అందుకే ముందు జాగ్రత్తగా ఈ కాగితం. చెడింది కవాటమే గానీ బుద్ధి కాదు. నిన్న కూడా నాలుగు ప్యాంట్లు కత్తిరించాను. నా మనసు స్థిమితంగా ఉందో లేదో అనుమానం ఉన్నవాళ్లు ఆ ప్యాంట్లు తొడుక్కోబోయే వాళ్లను అడిగి తెలుసుకోవచ్చు.

మొదట ఒక దస్తావేజు లేఖరి చేత రాయించాను. ఆయన నన్ను గృహిణి అని రాసి, 'భర్త వృత్తిని కనిపెట్టుకుని ఉన్న ఇల్లాలు' అని కూడా రాశాడు. రాసిన డబ్బులిచ్చి, ఆ కాగితం చించి, నేనే రాసుకుంటున్నాను. నేను చదివింది ఏడో తరగతి. కానీ మా పనిలో ప్యాంటు నమూనాలకు పాత పేపర్లు వాడతాం. కత్తిరించే ముందు పేపరు చదవడం నాకు అలవాటు. ఈ భాష అలా వచ్చింది. పాత పేపర్లు గనుక దేశంలో ఏం జరిగినా నాకు ఆరు నెలలు ఆలస్యంగా తెలుస్తుంది, అంతే తేడా.

ఈ కాగితంలో తేలవలసింది ఒక్కటే. నా తర్వాత నా కటింగ్ బల్ల దగ్గర ఎవరు నిలబడాలి? బతికుండగానే ముగ్గురు మూడు రకాలుగా పంచుకున్నారు. ఆ ముగ్గురిలో ఎవరూ నన్ను అడగలేదు.

1. ఆస్తి వివరం. అమీర్‌పేటలో, ఒక పక్క బుచ్చిబాబు జిరాక్సు దుకాణం, ఇంకో పక్క పై అంతస్తు మెట్లు హద్దులుగా గల ఒక దుకాణపు గది, మా భాషలో ముల్గీ. షట్టరు, మధ్యలో ఒక పరదా, ముందు అద్దం, వెనక కటింగ్ బల్ల, రెండు కుట్టు మిషన్లు. బోర్డు మీద పేరు ఆనందం జెంట్స్ టైలర్స్. ఈ ముల్గీ నా పేరున రిజిస్టరై ఉంది. మా ఆయన నా మీద ప్రేమ పొంగి నా పేరున పెట్టాడని ఎవరూ మురిసిపోవద్దు. అన్నదమ్ములు వాటాకు వస్తారని భయపడి పెట్టాడు. ఎలా వచ్చినా నాది నాదే కనుక దీన్ని ఇచ్చే హక్కు నాకే ఉంది. నాకు సొంతిల్లు లేదు. ఇది కాక ఒక బంగారు గొలుసు, పోస్టాఫీసులో కొంత సొమ్ము ఉన్నాయి.

2. ప్రకటన. ఇది ఆస్తి కాదు, నిజం. అయినా దీన్ని కూడా ఆస్తితో పాటే రాసి పెడుతున్నాను. ఈ దుకాణం తెరిచిన మొదటి నెల తప్ప, ఇందులో తయారైన ప్రతి ప్యాంటూ గీసింది నేను, కత్తిరించింది నేను.

మాది సిరిసిల్ల. మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినదాన్ని. బట్టలో పడుగు ఎటు, పేక ఎటు అన్నది నాకు మాటలతో పాటే వచ్చింది. మా ఆయన సికింద్రాబాదులో ఒక మాస్టరు దగ్గర మూడేళ్లు పని నేర్చానని చెప్పి నన్ను చేసుకున్నాడు. నేర్చినది గుండీలు కుట్టడం. దుకాణం పెట్టిన కొత్తలో ఒక పెళ్లికొడుకు తెచ్చిన టెర్రికాట్ బట్టను అడ్డంగా కోసేశాడు. సాయంత్రం పెళ్లికొడుకు వస్తాడు. ఈయన బల్ల కింద కూర్చుని ఏడుస్తున్నాడు. మిగిలిన బట్టలోనే అతుకు ఎక్కడుందో కనపడకుండా ప్యాంటు తీసి ఇచ్చింది నేను.

ఆ రోజు నుంచి ఆయన ముందు నిలబడి కొలతలు తీసి గట్టిగా చదివేవాడు, నేను పరదా వెనక విని గీసుకునేదాన్ని. మగవాళ్ల నడుములు ఆడది కొలవకూడదు గనుక ఆ ఏర్పాటు అందరికీ బాగానే ఉంది. 'ఆనందం మాస్టర్ చెయ్యి పడితె ప్యాంటు ఒంటికి కూసుంటది' అని పంజగుట్ట దాకా పేరు పాకింది. మా ఆయన ఒక్కనాడూ కాదనలేదు. మనిషి చెడ్డవాడు కాదు. తాగలేదు, కొట్టలేదు, శుక్రవారం మల్లెపూలు తెచ్చేవాడు. ఆ పూలతో పాటు ఒక్క గిరాకీతో, ఒకే ఒక్కడితో, 'కటింగ్ మా ఆడామెది' అని ఉంటే ఆయన సొమ్మేం పోయేది? పైన వినే ఏర్పాటేదైనా ఉంటే విననీ అని రాస్తున్నాను.

మా పిల్లలు కూడా నాన్న గీశాడనీ, ఆ గీత మీద అమ్మ కత్తిరించిందనీ అనుకుంటూ పెరిగారు. కాదురా. గీసింది కూడా నేనే.

3. నర్సింహులుకు ఆరు నెలల జీతం, ముందు గదిలో ఆయన కూర్చునే కుర్చీ, ఇస్త్రీ పెట్టె చెందవలెను.

నర్సింహులు ఎవరో తెలియనివాళ్ల కోసం చెబుతాను. తొంభై ఎనిమిదిలో మా ఆయన పోయాడు. నెల తిరగకుండానే గిరాకీలు పలచబడ్డాయి. 'మాస్టర్ పోయిండు, ఇగ కటింగ్ ఎవరు జేస్తరు?' అని నా ముందే అనుకుని వెళ్లిపోయేవాళ్లు. అప్పుడు నా చేతిలో కత్తెర ఉంది. అది వాళ్లకు కనపడలేదు. ఇక లాభం లేదని, ఎదురుగా ఇస్త్రీ బండి పెట్టుకున్న నర్సింహులును పిలిచి, కొలతలు చదవడం నేర్పి, మెడలో టేపు వేసి ముందు నిలబెట్టాను. ఆయనకు మీసం ఉంది, గొంతు ఉంది. అంతకంటే అర్హతలేమీ నేను అడగలేదు. వారం తిరిగేసరికి పాత గిరాకీలు మళ్లీ వచ్చి, 'పాత మాస్టర్ కంటె ఈన చెయ్యి ఇంక సాఫ్ ఉన్నది' అన్నారు. ఆ మాటకు నాకు మా ఆయన మీదే జాలి వేసింది.

ఇందులో నర్సింహులు తప్పేమీ లేదు, మొదట్లో. తర్వాత్తర్వాత ఆయన కూడా నమ్మడం మొదలుపెట్టాడు. మొన్న బోనాలప్పుడు బల్కంపేట ఎల్లమ్మ గుడి దగ్గర జనంలో ఎవరితోనో, 'నా కటింగ్ జూసి హైటెక్ సిటీ కెళ్లి వస్తున్నరు తెల్సా' అంటుంటే బోనం నెత్తిన పెట్టుకుని వెనక నిలబడి విన్నాను. బోనం ఉండబట్టి ఊరుకున్నాను. ఆపరేషన్ సంగతి తెలిసిన రోజున వచ్చి, 'వదినా, దుకాణం ఫికర్ జెయ్యకు, నేనున్న గద' అన్నాడు. తొమ్మిదేళ్లుగా సుద్దముక్క పట్టి ఒక్క గీత గీయనివాడు నాకు ధైర్యం చెబుతున్నాడు. మనిషి నమ్మకస్తుడే. ఆయనను పనిలోంచి తీసేయవద్దు. మాస్టర్ అన్న పిలుపు కూడా ఆయననే ఉంచుకోనివ్వండి. దాన్ని ఊడదీసే ఓపిక నాకు లేదు.

4. బీరువా అడుగున తీసిపెట్టిన బూడిదరంగు సూటింగ్ బట్ట హైందవికి చెందవలెను. కాకినాడ నుంచి వచ్చి ఎదుటి హాస్టల్లో ఉండి కంప్యూటర్ కోర్సు చదివిన పిల్ల. ఇప్పుడు పెద్ద కంపెనీలో ఉద్యోగం.

మూడేళ్ల కిందట ఈ పిల్ల మా దుకాణానికి వచ్చి, 'ఇంటర్వ్యూకి ప్యాంటు కావాలండి, జేబులు నిజం జేబులై ఉండాలి' అంది. ఆడవాళ్ల దుకాణాల్లో ప్యాంట్లు మేం కుట్టం అన్నారట. రెడీమేడ్‌లో జేబు గీత ఉంటుంది గానీ చెయ్యి దూరదట. నర్సింహులు టేపు పట్టుకుని రెండడుగులు వెనక్కి వేసి, 'ఆడపిల్ల కొలతలు నేనెట్ల తీస్త?' అన్నాడు. ఇదే ఊళ్లో ఏ జాకెట్ల దుకాణానికి పోయినా మగవాళ్లే ఆడవాళ్ల కొలతలు తీస్తున్నారు. తల్లులు కూతుళ్లను తీసుకెళ్లి మరీ ఇప్పిస్తున్నారు. దానికి ఎవరి పరువూ పోలేదు. ఆడది మగవాడి నడుముకు టేపు చుడితే మాత్రం పోతుందట, మగాడు ఆడపిల్ల ప్యాంటు కొలిచినా పోతుందట. ఈ లెక్క ఎవరు పెట్టారో నాకు ఇంతవరకూ అర్థం కాలేదు. సరే, ఆ రోజు నేను పరదా పక్కకు జరిపి ముందుకు వచ్చి కొలతలు తీశాను. దుకాణం పెట్టాక ముందు గదిలో నేను టేపు పట్టడం అదే మొదలు. ప్యాంటు తొడుక్కుని, అద్దం ముందు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, అటూ ఇటూ నడిచి ఆ పిల్ల, 'ఆంటీ, నాకు ఫెమినిజం అంటే ఇదే. హ్యాండ్‌బ్యాగ్ లేకుండా బయటికెళ్లడం' అంది.

ఆ మాట నాకు నచ్చింది. హాస్టల్ పిల్లలంతా రావడం మొదలైంది. ఇక నా పని నలుగురికీ తెలుస్తుందని సంబరపడ్డాను. నా ఖర్మ కాకపోతే, ఆ పిల్లలు ఒకరికొకరు చెప్పుకున్నది ఏమిటో తెలుసా? 'కొలతలు ఆంటీ తీస్తుంది, కటింగ్ మాస్టర్‌గారు చేస్తారు' అని. పోయినేడు హైందవి పెళ్లి చేసుకుని మొగుణ్ని తీసుకొచ్చింది. నర్సింహులును చూపించి, 'ఈ మాస్టర్ చేతి ప్యాంటు వల్లే నాకు ఉద్యోగం వచ్చింది' అని పరిచయం చేసింది. నర్సింహులు మీసం దువ్వుకున్నాడు. నేను వెనక్కి పోయి ఫ్యాను కింద కూర్చున్నాను. అయినా బట్ట ఆ పిల్లకే ఇవ్వండి. దానికి మంచి నడక ఉంది.

5. నా ఆడబిడ్డ యాదమ్మకు పోస్టాఫీసు సొమ్ము మీద వచ్చే వడ్డీ నెలనెలా బతికినంత కాలం ముట్టవలెను. తొమ్మిదేళ్ల వయసు నుంచి సిరిసిల్లలో బీడీలు చుట్టి, వేళ్ల కొసలు పసుపు రంగుకు తిరిగిన మనిషి. ఒకసారి మా దుకాణంలో కూర్చుని ఉండగా కుసుమకుమారి గారు (ఈమె గురించి తర్వాతి క్లాజులో) ఆడవాళ్లు ఇల్లు వదిలి పనికి రావాలని చెప్పడం మొదలుపెట్టింది. యాదమ్మ ఓపికగా అంతా విని, 'అమ్మా, నేను బుడ్డదాన్నున్నప్పటి సంది పనే జేస్తున్న. నాకు ఇంట్ల కూసొని తినే రోజు గావాలె. అది ఇప్పిస్తదా మీ సంఘం?' అని అడిగింది. కుసుమకుమారి గారు చాలాసేపు జవాబు చెప్పింది. యాదమ్మ మధ్యలోనే నిద్రపోయింది. వడ్డీ ఎందుకు ఇస్తున్నానంటే అందుకే. యాదమ్మను ఏ పనిలోనూ పెట్టవద్దు, ఏ సంఘంలోనూ చేర్చవద్దు.

6. విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ రిటైర్డు లెక్చరరు, మహిళా సంఘం అధ్యక్షురాలు కుసుమకుమారి గారిని ఈ వీలునామా అమలు జరిపించే వ్యక్తిగా నియమిస్తున్నాను. ఈమె అంటే నాకు ప్రేమేమీ లేదు. పదేళ్లుగా దుకాణానికి వచ్చి, 'పోశవ్వగారూ, ముందు ఆ పరదా తీసేయండి, అదే మీ సంకెళ్లు' అంటుంది. సందులో దుమ్ము లేస్తుంది, తెల్ల బట్ట మీద పడుతుంది, అందుకే పరదా అని ఎన్నిసార్లు చెప్పినా తల పంకించి, 'అలా అనుకునేలా చేశారు మిమ్మల్ని' అంటుంది. ఏం మాట్లాడినా ఆమె దగ్గర దానికి ముందే ఒక పేరు ఉంటుంది. పరదా మొదట దుమ్ము కోసమే కట్టాం. ఆ తర్వాతి సంగతి నాకూ తెలుసు. ఆమెతో ఒప్పుకోవలసిన అవసరం నాకు లేదు.

ఈమె భర్తగారికి కాఫీ పెట్టుకోవడం రాదు. సంఘం మీటింగు మధ్యలో లేచి వెళ్లి ఆయనకు కాఫీ కలిపి వస్తుంది. అది మాత్రం ఎవరూ సంకెళ్లు అనరు. అయితే ఒక్క మాట. హాస్టల్ పిల్లను ఒకడు వెంటపడి వేధిస్తే, మేమంతా తలుపులు వేసుకున్న రోజున ఈమె ఒక్కతే పోలీసు స్టేషన్లో కూర్చుని కేసు రాయించి గానీ లేవలేదు. నా పిల్లలు ఈ కాగితం మీద తగువు పెట్టుకుంటారు. అప్పుడు ఆఫీసుల్లో కుర్చీ వదలకుండా కూర్చోగల మనిషి కావాలి. అందుకే ఈమె.

7. నా బంగారు గొలుసు నా కూతురు ప్రమోదకు చెందవలెను. కత్తెర చెందకూడదు.

ప్రమోద సాఫ్ట్‌వేర్ కంపెనీలో మనుషులను ఉద్యోగాల్లోకి తీసుకునే విభాగంలో పనిచేస్తుంది. నేనంటే ప్రాణం. ఆ ప్రాణంతోనే చంపుతుంది. రెండేళ్ల కిందట మహిళా దినోత్సవం అని నన్ను తన ఆఫీసుకు తీసుకెళ్లింది. ఊదారంగు బుడగలు, ముగ్గుల పోటీ, ఆడవాళ్లందరికీ తలా ఒక గులాబీ, ఒక చిన్న అద్దం. పోటీకి జడ్జీలు ముగ్గురూ మగవాళ్లు. తర్వాత నన్ను వేదిక మీదికి పిలిచి, మైకులో, 'భర్త కలను తన భుజాల మీద మోసిన మహిళ' అని చదివారు. ఆ వాక్యం రాసింది నా కూతురు. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. మీ నాన్న కల నేనెందుకు మోయాలే? నా పని నేను చేసుకున్నాను.

దాని ఉద్దేశంలో నా తర్వాత దుకాణం అమ్మేసి, కత్తెరను అద్దాల పెట్టెలో పెట్టి, కూకట్‌పల్లిలో దాని ఫ్లాటు హాల్లో వేలాడదీయాలట. 'అమ్మా, నీ కష్టం అందరికి కనవడాలె గద' అంటుంది. చిన్నప్పుడు గుండీ ఊడితే నాకిచ్చేది, ఇప్పుడు పిన్నీసు పెట్టుకుంటుంది. దానికి సూది పట్టడం రాకపోవడం నాకు బాధ కాదు, ఆడపిల్ల అయినంత మాత్రాన రావాలని ఏముంది? కానీ కోసే కత్తెరను ఎవరూ కోయకుండా వేలాడదీస్తానంటే ఒప్పుకోను. బిడ్డా, నువ్వు ఆఫీసులో ఆడవాళ్ల జీతాల కోసం పైవాళ్లతో పోట్లాడావని మీ కంపెనీలోనే ఉన్న హైందవి చెప్పింది. నువ్వు నాకు చెప్పలేదు. అది చెప్పి ఉంటే నేనే నీకు శాలువా కప్పేదాన్ని.

8. నా కొడుకు ఓంప్రకాష్‌కు రెండు కుట్టు మిషన్లలో చిన్నది, రంగుదారాల డబ్బాతో సహా చెందవలెను. ముల్గీ చెందదు.

వీడు ఒక చిట్‌ఫండ్ ఆఫీసులో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ ఉద్యోగం పేరెత్తితేనే వాడి మొహం ఆముదం తాగినట్టు ఉంటుంది. ముల్గీని ఒక కోచింగ్ సెంటర్‌కు కిరాయికి ఇస్తానని అప్పుడే మాట్లాడి వచ్చాడట. వాళ్లు గోడల కొలతలు కూడా తీసుకుపోయారు. నేను వెనక ప్యాంటు కత్తిరిస్తూనే ఉన్నాను.

చిన్నప్పుడు వీడు బల్ల కింద కూర్చుని మిగిలిన ముక్కలతో జాకెట్లు కుట్టేవాడు. పదమూడేళ్లకే వాడి చేతి కుట్టు నాకంటే సన్నం. మా ఆయన చూసి, 'మగపోరనివి, జాకెట్లు కుడ్తవారా?' అని చెంప వాయించి ఐటీఐలో వేశాడు. అప్పటి నుంచి వాడు మగవాడు కావడానికి ఇంత కష్టపడుతున్నాడు, చూడలేకపోతున్నాను. బయట 'ఆడోళ్లు ఇంట్ల ఉంటెనే ఇల్లు' అంటాడు. ఇంట్లో తలుపు గడియ వేసుకుని కూతురి గౌన్లకు కుచ్చులు పెడతాడు. నాయనా, కుచ్చులు చాలా బాగుంటున్నాయి. మీ నాన్న పోయి తొమ్మిదేళ్లయింది. ఇకనైనా తలుపు తీసి కుట్టుకో.

9. పైన ఒకటో క్లాజులో చెప్పిన ముల్గీ, కటింగ్ బల్ల, పెద్ద మిషను, కత్తెర, బోర్డు సమస్తమూ నా కోడలు ధాత్రికి, ఓంప్రకాష్ భార్య అన్న హోదాలో కాక, ధాత్రి అన్న మనిషికే, సర్వహక్కులతో చెందవలెను. ఇందులో నా కొడుక్కి గానీ, కూతురికి గానీ, మా ఆయన అన్నదమ్ములకు గానీ వీసమెత్తు హక్కు లేదు.

ఇది చదివి ఇంట్లో పెద్ద గొడవ అవుతుంది. అవనీ. నేను ఆసుపత్రిలోనో, ఇంకా పైనో ఉంటాను.

ధాత్రిది రాజమండ్రి. జావా నేర్చుకోవడానికి అమీర్‌పేట వచ్చింది. అది నేర్చుకునేసరికి కంపెనీలు మనుషులను తీసేసే కాలం వచ్చింది. ఉద్యోగం రాలేదు. మావాడు ఇష్టపడి చేసుకున్నాడు. చుట్టాలంతా 'అంత సదివి ఇంట్ల కూసున్నది' అని ఒక మాట, 'ఇంట్ల ఉండక యాడికి పోతది' అని ఒక మాట అంటారు. రెండు మాటలూ అనేది ఒకే నోళ్లు. రోజూ మధ్యాహ్నం నాకు అన్నం డబ్బా తెచ్చేది. ఒకరోజు బల్ల మీద ముక్కలు చూసి, 'అత్తయ్యా, పొట్ట ముందుంటుంది కదా, మరి వెనక ముక్క పెద్దదెందుకు?' అని అడిగింది. ఇన్నేళ్లలో మా ఆయన అడగని ప్రశ్న, నర్సింహులు అడగని ప్రశ్న. మనిషి కూర్చోవాలి గనుక అని చెప్పాను. కాసేపు ఆలోచించి, కుర్చీలో కూర్చుని లేచి, మళ్లీ కూర్చుని చూసుకుంది. మరునాటి నుంచి అన్నం డబ్బా ఇచ్చి వెళ్లడానికి దానికి మూడు గంటలు పట్టేది. మావాడు మాత్రం భార్య ఎల్లమ్మ గుడికి పోయి వస్తోందని నమ్మాడు. మధ్యాహ్నం పూట గుడి మూసి ఉంటుందన్న సంగతి వాడికి తోచలేదు.

ఇప్పుడు దాని కత్తిరింపు నా అంత ఉంది. కోటు విషయంలో నాకంటే ఎక్కువ. కోటు నాకు రాదు. ఆల్టరేషన్‌కు వచ్చిన ఒక పాత కోటును కుట్లు విప్పి, ఏ ముక్క ఏ ముక్కతో కలుస్తుందో నేల మీద పరిచి చూసి, మళ్లీ కుట్టి ఇచ్చింది. తర్వాత కొత్త కోటు కత్తిరించింది. కోటు తీసుకున్నాయన నర్సింహులుకు చెయ్యి కలిపి పోయాడు. ధాత్రి పరదా వెనక నిలబడి నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. నేను అలాగే నవ్వుకుంటూ ముసలిదాన్నయ్యాను. అది కాకూడదు.

ఫెమినిజం గురించి మా అందరికీ తలా ఒక అభిప్రాయం ఉంది గానీ, ధాత్రి ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. కుసుమకుమారి గారు అడిగితే, 'ఏంటోనండి, ముందు ఈ జిప్పు పట్టీ అవ్వనీయండి' అంది. నాకు దాని మీద కూడా విసుగే. నోరు తెరిచి అడగదు. అడిగి ఉంటే ఈ వీలునామా రెండేళ్ల కిందటే రాసేదాన్ని.

10. షరతు. ధాత్రి ఈ ఆస్తి అనుభవించాలంటే, ముందు గదిలో నిలబడి, ఆడవాళ్లవీ మగవాళ్లవీ కొలతలు తన చేత్తో తీయవలెను. అందుకోసం మీసమున్న మరొకరిని నిలబెట్టరాదు. ఈ ముక్క చదివితే మా ఓంప్రకాష్, 'మా ఇంటి కోడలు పరాయి మొగోళ్ల నడుములు కొలుస్తదా?' అంటాడు. మొన్న పరీక్షలకని ఆసుపత్రిలో పడుకోబెట్టినప్పుడు నన్ను చూడ్డానికి వచ్చిన నర్సుపిల్ల పక్క మంచం ముసలాయన ప్యాంటు దించి సూది గుచ్చి పోయింది. ఆకాశం అలాగే ఉంది, నేను కిటికీలోంచి చూశాను. టేపుకు లేని సిగ్గు మనకెందుకు? పరదా ఉంచాలో తీయాలో, బోర్డు మార్చాలో వద్దో ధాత్రి ఇష్టం. నన్ను మళ్లీ అడగవద్దు.

11. సంతకం చేయబోతూ చేర్చిన క్లాజు. పై పది క్లాజులు రాయడం అయ్యాక, సాక్షి సంతకాల కోసం ఇద్దరిని దుకాణానికే పిలిచాను. ఒకరు పక్క దుకాణం బుచ్చిబాబు. ఇంకొకరు హనుమత్ప్రసాద్ గారు, మాసబ్ ట్యాంక్ ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, మా ఆయన కాలం నుంచి మా గిరాకీ. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చివరిదాకా నిదానంగా చదివారు. రెండో క్లాజు దగ్గర ఆగి నా వైపు చూశారు. తొమ్మిదో క్లాజు దగ్గర మళ్లీ ఆగారు. అంతా చదివి, మడిచి, 'చాలా బాగా రాశావమ్మా. అన్నట్టు ఆ నర్సింహులు మాస్టర్‌కి ఒక మాట చెప్పు, ఈసారి ప్యాంటు సీటు కాస్త వదులు పెట్టమని' అన్నారు.

గుండె ఆపరేషన్ దాకా ఆగేలా లేదనిపించింది. కాగితం ఆయన చేతిలోంచి లాక్కుని చింపేద్దామనుకున్నాను. ఇంత రాసీ ఏం లాభం?

అప్పుడు పరదా వెనకనుంచి ధాత్రి వచ్చింది. నర్సింహులు దగ్గరికి పోయి చెయ్యి చాపింది. నర్సింహులు ఒక్క క్షణం మీసం మీద చెయ్యి వేసుకుని, తర్వాత మెడ వంచాడు. అది టేపు తీసుకుని హనుమత్ప్రసాద్ గారి ముందు నిలబడి, 'సార్, చేతులు కొంచెం పైకెత్తండి' అంది. గడప దగ్గర మా ఓంప్రకాష్ ఉన్నాడు. మెట్ల మీద పై అంతస్తు కోచింగ్ పిల్లలు నలుగురు ఉన్నారు. పెద్దాయన వాళ్లందరి వైపూ చూశారు, నా వైపు చూశారు, చెవులు ఎర్రబడ్డాయి. ధాత్రి టేపు దించలేదు.

ఆయన చేతులు ఎత్తారు.

అది కొలిచి గట్టిగా చదివింది, వీధిలోకి వినపడేటట్టు. నేను రాసుకున్నాను. ఈ కాగితం ఎడమ అంచున ఉన్న అంకెలు ఆయన కొలతలు. చేతికి వేరే కాగితం అందలేదు. వాటిని ఆస్తి విలువ అని ఎవరూ పొరపడవద్దు, రిజిస్ట్రారు గారు కొట్టివేయనూ వద్దు. ప్యాంటు ధాత్రి కత్తిరిస్తుంది.

ఇందులో రాసినదంతా నేను చదువుకుని, సరేనని, నా చేత్తో సంతకం చేస్తున్నాను.

అమీర్‌పేట, హైదరాబాదు
తేదీ 12-11-2007, సోమవారం

(సం.) దూస పోశవ్వ

సాక్షులు:
1. (సం.) హనుమత్ప్రసాద్, విశ్రాంత ప్రభుత్వోద్యోగి, మాసబ్ ట్యాంక్
2. (సం.) బుచ్చిబాబు, జిరాక్సు దుకాణం, అమీర్‌పేట

రాసినది: నేనే